ఎడమ కమాను చెప్పిన సంగతి

పోయిన వారం అందరినీ కమాన్ల షెడ్డు ముందే వదిలేసి వచ్చాం. వెనక కాళ్ళు మడుచుకుని కూర్చున్న ఎద్దులా ఒక పెద్ద పికప్పు బండి, దాని పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని ఒక తల్లి, బండి కింద పడుకుని టార్చిలైటు వేసి చూస్తూ ఒక కూతురు.

తల్లి పరుపులు కుట్టే మనిషి. ఏళ్ళ తరబడి నడిపిన కొట్టు మూసేసింది. "జనం పరుపులు మోసుకుని నా దగ్గరికి రావడం మానేశారు. ఇక నేనే యంత్రం మోసుకుని వాళ్ళ దగ్గరికి పోతాను" అని ఈ బండి కొనుక్కుని, వెనక భాగంలో ఒక చెక్క గది కట్టించుకుంది. ఊరూరా తిరగడం, పాత పరుపుల్లో గడ్డకట్టిన దూది ఏకి మళ్ళీ కూరి ఇవ్వడం, రాత్రికి ఆ గదిలోనే పడుకోవడం. ఆలోచన బాగానే ఉంది గానీ, దూది ఏకే ఇనప యంత్రం ఎక్కించగానే బండి కూలబడింది. టైర్లు పైన మడ్‌గార్డులకు రాసుకున్నాయి.

కూతుర్ని ఆ చుట్టుపక్కల అందరూ కమాన్లమ్మాయి అంటారు. తల నెరవడం మొదలైనా ఇంకా అమ్మాయే. విల్లులా వంచిన ఉక్కు పట్టీలను, పొడుగుదాని కింద పొట్టిది, దాని కింద ఇంకా పొట్టిది పేర్చి కట్టిన కట్టలు, అవే కమాన్లు, బండి వెనక బరువంతా మోస్తాయి. అవి విరిగితే మార్చడం, అలిసిపోతే తీసేసి బలమైనవి వేయడం ఆమె పని. అమ్మ బండికి మందం కట్టలు వేస్తానని ఒప్పుకుంది, ఒకే ఒక షరతు మీద. బండిలో ఏమేం పెట్టబోతున్నావో ఒక్కటి కూడా దాచకుండా చెప్పాలి. యంత్రం, దూది బస్తాలు, ఒక మంచం, ఒక పొయ్యి, నీళ్ళ డబ్బా, సామాను పెట్టె, తను. అమ్మ అన్నీ చెప్పింది. అన్నీ చెప్పేశానని రెండుసార్లు అంది కూడా. ఒకసారి చెప్పి ఊరుకునే మనిషి ఆ వేళ రెండుసార్లు ఎందుకు చెప్పిందో కమాన్లమ్మాయికి అప్పుడు తట్టలేదు.

పొద్దున్నే అమ్మ యంత్రాన్ని ఇంటి దగ్గర దింపించి వచ్చాక పని మొదలైంది. ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, చాసీని జాకీ మీద లేపి, కింద ఇనప స్టాండ్లు నిలబెట్టి, ఇరుసు కింద ఇంకో జాకీ ఆనించాక గానీ ఆమె పానా ముట్టుకోలేదు. కమాన్ కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యు బోల్టులు ఎన్ని వానాకాలాల బురద తిన్నాయో, నట్టూ బోల్టూ తుప్పులో ఒకటైపోయాయి. నూనె పోసి బతిమాలింది, సుత్తితో బెదిరించింది, చివరికి కోసేసింది.

"అయ్యో, పాడుచేశావేమే!" అంది అమ్మ. ఆమె తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని, పనివాళ్ళ మీద అజమాయిషీ చేసే అలవాటు చొప్పున ప్రతి దెబ్బా లెక్కపెడుతోంది.

"ఎలాగూ కొత్తవే వేయాలమ్మా. ఒకసారి సాగిన బోల్టు మళ్ళీ బిగిస్తే పట్టు నిలవదు."

"మరి ఆ కొత్త కట్టలో పట్టీలు ఇంకో రెండు ఎక్కువ వేయరాదూ? ఎలాగూ వేస్తున్నావుగా. గట్టిగా ఉంటుంది."

"గట్టిగా ఉంటే మంచిదని ఎవరు చెప్పారు?"

"గట్టిగా ఉండటం మంచిది కాకపోవడమేంటే?"

కమాన్లమ్మాయి బండి కింద నుంచి తల బయటికి పెట్టింది. నుదుటి మీద గ్రీజు బొట్టు. "పరుపులో దూది మరీ ఎక్కువ కూరితే ఏమవుతుంది?"

"బండరాయవుతుంది. పడుకున్నవాళ్ళ నడుం విరుగుతుంది."

"ఇదీ అంతే. బరువుకి తగ్గ కట్ట వేయాలి. ఎక్కువ వేస్తే ప్రతి గుంతకీ నువ్వు కప్పు తగిలేలా ఎగురుతావు. ఇంకో మాట, కమాను బలపడితే బ్రేకులు బలపడవు, టైర్లు బలపడవు, ఇరుసు బలపడదు. కూలబడలేదు కదా అని ఇష్టమొచ్చినంత ఎక్కించావనుకో, దిగుడులో బండి ఆగదు. అందుకే బరువు సరిగ్గా చెప్పమన్నాను."

"చెప్పానుగా" అంది అమ్మ, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. అది మూడోసారి.

పాత కట్టలు ఊడి వచ్చాయి. పైకి వంగి ఉండాల్సిన పట్టీలు బల్లపరుపుగా సాగిపోయి ఉన్నాయి. ఒకదాన్ని తీసి నేల మీద పెడితే పడుకున్న పాములా అతుక్కుపోయింది. కొత్త కట్టను ఎత్తుతుంటే కమాన్లమ్మాయి భుజాల బలం తెలిసింది. ముందు చివర కన్నంలో పిన్ను దూర్చి, వెనక చివర అటూ ఇటూ ఊగే షాకిల్‌కు తగిలించి, కట్ట మధ్యలో ఉండే బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చునేదాకా జాకీని కాస్త కాస్త లేపింది. 'టక్' మని అది కూర్చున్న చప్పుడు ఆమెకు ఎప్పుడూ ఇష్టమే. కొత్త యు బోల్టుల నట్లు ఒక మూల తర్వాత దాని ఎదురు మూల చొప్పున కొంచెం కొంచెంగా బిగించింది.

"మీ అత్తగారు ఎలా ఉన్నారు?" అని అడిగింది అమ్మ, ఏదో వానాకాలం గురించి అడిగినట్టు.

కమాన్లమ్మాయి పానా ఇంకో నట్టు మీదికి మార్చింది. ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వడంలో ఆమెది పండిన చెయ్యి. అమ్మకూ అత్తగారికీ పెళ్ళినాడే చెడింది. అమ్మ కూతురికి తన చేత్తో ఒక పరుపు కుట్టి ఇచ్చింది. అత్తగారు పేరుమోసిన కుట్టుపని మనిషి. పరుపు అంచు చూసి, మొహం చిట్లించి, అందరూ భోజనాల్లో ఉండగా ఆ అంచంతా విప్పేసి తన మిషను మీద మళ్ళీ కుట్టింది. అమ్మ అది చూసింది. అంతే. ఆ రోజు నుంచి వియ్యపురాళ్ళిద్దరూ ఒకరి పేరు చెబితే ఒకరు మూతి ముడుస్తారు. మధ్యలో కమాన్లమ్మాయి. అటు వాళ్ళు పుల్లగా అన్నమాటను దారిలో కాస్త తీపి చేసి ఇటు చెప్పడం, అసలు అననే అనని మంచిమాటలు తనే పుట్టించి చేరవేయడం, పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె పెట్టుకున్న రెండో ఉద్యోగం. రెండు ఇళ్ళూ కలిసి నిలబడ్డాయంటే అది తన చలవేనని లోలోపల కొంచెం గర్వం కూడా.

"బాగున్నారమ్మా" అంది. "నీ ప్రయాణం గురించే అడిగారు. దారిలో జాగ్రత్తగా ఉండమని చెప్పమన్నారు."

అమ్మకు ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. నీళ్ళు తాగడానికని లేచి బయటికి వెళ్ళిపోయింది.

రెండో వైపు కట్ట కూడా ఎక్కి, చక్రాలు బిగించి, బండిని నేలమీదికి దించేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఖాళీ బండి వెనక భాగం తోక పైకెత్తిన పిల్లిలా నిలబడింది. అమ్మ చుట్టూ తిరిగి చూసి మురిసిపోయింది.

"ఇంకా అయిపోలేదు" అంది కూతురు. "పిన్నుల దగ్గర బోల్టులు చేత్తో పట్టించి వదిలాను. బరువు ఎక్కి, కమాను తన ఆకారానికి వచ్చాకే గట్టిగా బిగించాలి. లేకపోతే పిన్నుల చుట్టూ ఉండే రబ్బరు బుష్‌లు మెలిపడి చిరుగుతాయి. ఇంటికెళ్ళి సామానంతా ఎక్కించుకురా. నేను కొలత చూసి బిగిస్తాను. మెల్లగా పోవాలి, గుంతలు చూసుకుని పోవాలి."

"నాకు చెప్పకే, నువ్వు పుట్టకముందు నుంచి నడుపుతున్నాను" అని అమ్మ బండెక్కింది. షెడ్డు పక్కనున్న కట్టెల అడితిలో ఎత్తే మనుషులున్నారు, యంత్రం ఎక్కించడానికి వాళ్ళు వస్తామన్నారు.

భోజనాలయ్యాక బండి తిరిగొచ్చింది. రావడమే అందంగా వచ్చింది. షెడ్డు ముందున్న మిట్ట మీద ఎక్కి దిగుతుంటే వెనక భాగం ఒక్కసారి మెత్తగా ఊగి నిలిచింది. తన పని తనకు నచ్చినప్పుడు కమాన్లమ్మాయి పైకి ఏమీ అనదు, చేతులు గుడ్డకి తుడుచుకుంటుంది. ఇప్పుడూ తుడుచుకుంది.

టేపు తీసుకుని కుడివైపు చక్రం దగ్గర కూర్చుంది. ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా కొలిచింది. అనుకున్నట్టే ఉంది. ఎడమవైపుకి వెళ్ళి కొలిచింది. మళ్ళీ కొలిచింది. రెండు వేళ్ళ మందం తక్కువ.

కొత్త కట్టలు రెండూ ఒకే జోడీ. తేడా ఉండటానికి వీల్లేదు. నేల వాలుందేమోనని చూసింది, లేదు. టైరు గాలి చూసింది, సరిపోయింది.

"అమ్మా, యంత్రం ఎక్కడ పెట్టించావు?"

"నువ్వు చెప్పినట్టే, నడిమధ్య, ఇరుసుకి కొంచెం ముందు."

"దూది?"

"కుడివైపు. మంచం కూడా కుడివైపే." అమ్మ అక్కడే ఉన్న పాత కమాన్ పట్టీని చాలా ఆసక్తిగా కాలితో కదుపుతోంది.

"మరి ఎడమవైపు ఏముంది?"

"ఏముంటుంది? నీళ్ళ డబ్బా."

కమాన్లమ్మాయి మళ్ళీ టేపు పెట్టింది. ఆమె చూస్తుండగానే, ఎవరూ బండిని ముట్టుకోకుండానే, మడ్‌గార్డు అంచు నూలు వాసి కిందికి దిగింది. షాకిల్ 'కిర్రు' మంది. మళ్ళీ నూలు వాసి పైకి లేచింది.

ఆమె టేపును చుట్టేసి జేబులో వేసుకుంది.

"అమ్మా. నీళ్ళ డబ్బా పక్కకి ఒత్తిగిలి పడుకుంది."

"ఏంటే నువ్వు అనేది?"

"లోపల ఎవరున్నారు?"

అమ్మ తాళంచెవి కోసం ఉన్న జేబులూ లేని జేబులూ వెతకడం మొదలుపెట్టింది. కమాన్లమ్మాయి ఆగలేదు. వెనక్కి వెళ్ళి చెక్క తలుపు లాగింది. తాళం అసలు వేయలేదు.

లోపల కొత్త చెక్క వాసన, దూది వాసన. నడిమధ్య ఇనప యంత్రం. కుడివైపు మంచం, బస్తాలు. ఎడమవైపు పువ్వుల గుడ్డతో ఒక తెర. తెర తీసింది.

రెండో మంచం. దాని కాళ్ళ దగ్గర, దుప్పటి కప్పి ఉన్నా ఆ ఇనప కాళ్ళు, ఆ తొక్కుడు పలక ఆమె గుర్తుపట్టకుండా ఉండదు. అది అత్తగారి కుట్టుమిషను. రిపేరుకిచ్చానని, ఆ మెకానిక్కు రేపు రేపు అంటూ తిప్పుతున్నాడని అత్తగారు పదిహేను రోజులుగా తిట్టిపోస్తున్న మిషను. మంచం మీద, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒక దిండు గలేబుకు అంచు కుడుతూ సాక్షాత్తూ అత్తగారు.

అత్తగారు దారం పళ్ళతో కొరికి, తాపీగా తలెత్తారు.

"బండి బాగా ఊగుతోందమ్మాయ్. ఉయ్యాల్లో ఉన్నట్టుంది" అన్నారు.

కమాన్లమ్మాయిలోని మెకానిక్కుకి ముందు కోపం వచ్చింది. "నడుస్తున్న బండిలో, ఈ గదిలో కూర్చుని వచ్చారా అత్తయ్యా? బోల్టులు ఇంకా బిగించనేలేదు! యంత్రం జరిగి మీద పడితే?"

"నేనూ అదే చెప్పాను" అంది వెనక నుంచి అమ్మ. "వింటుందా? 'ఎలా ఉందో నేను చూడాలి' అని ఎక్కి కూర్చుంది. వదినా, నీకు చెప్పానా లేదా, ముందు సీట్లో కూర్చోమని?"

కమాన్లమ్మాయి నెమ్మదిగా వెనక్కి తిరిగింది. వదినా. నీకు. ఇన్నేళ్ళలో అమ్మ నోట ఆవిడ గురించి 'మీ అత్తగారు' తప్ప ఇంకో మాట రాలేదు. ఎదురుపడితే 'వదినగారూ, బాగున్నారా', అంతే, అదీ ముళ్ళమీద నడిచినట్టు.

"వదినా, నీకు" అంది కమాన్లమ్మాయి.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దొంగతనంగా చక్కెర తింటూ దొరికిపోయిన పిల్లల మొహాలు.

"ముందు కాస్త మంచినీళ్ళు తాగు" అన్నారు అత్తగారు.

"నాకు నీళ్ళొద్దు. ఎప్పటి నుంచి?"

షెడ్డు మెట్టు మీద ముగ్గురూ కూర్చున్నారు. చెప్పడం అత్తగారే మొదలుపెట్టారు. పోయిన వానాకాలంలో ఆవిడకు నడుం పట్టేసింది. రాత్రిళ్ళు నిద్ర లేదు. పరుపు పాతబడి గుంటలు పడింది. కొడుక్కి చెబితే కొత్తది కొనుక్కొస్తాడు, ఆ స్పాంజి పరుపులు ఆవిడకు పడవు. ఒక మధ్యాహ్నం కోడలు పనిలో, కొడుకు బేకరీలో ఉండగా రిక్షాలో ఆ పరుపు వేసుకుని వియ్యపురాలి కొట్టుకి వెళ్ళారు.

"వెళ్ళి ఏమన్నారు?"

"ఏమీ అనలేదు. పరుపు దించాను. మీ అమ్మ కూడా ఏమీ అనలేదు. విప్పింది, ఏకింది, కూరింది. అంచు కుట్టబోయింది. నేను కూర్చుని చూస్తున్నాను. ఎంతసేపని చూడను? ఆ వంకర కుట్టు చూస్తుంటే ఉండబట్టలేకపోయాను. సూది ఇటివ్వండి అన్నాను."

"అప్పుడు ఇంకో యుద్ధం అవుతుందనుకున్నాను" అంది అమ్మ. "కానీ నా చేతులూ అలిసిపోయి ఉన్నాయే. ఇచ్చేశాను. కుట్టింది. చూస్తే... నిజం చెప్పొద్దూ, పెళ్ళినాడు కుట్టింది కూడా బాగానే కుట్టింది. కోపంలో సరిగ్గా చూడలేదంతే."

ఆ తర్వాత వారానికోసారి వెళ్ళారు. తర్వాత రోజూ. ఒకరు దూది కూరుతారు, ఒకరు అంచు కుడతారు. అత్తగారు పార్కులో నడకకి వెళ్ళొస్తున్నానని చెప్పిన సాయంత్రాలన్నీ ఆ కొట్లోనే గడిచాయి.

"అందుకేనా మీ చెప్పులు అరగలేదు!" అంది కమాన్లమ్మాయి. అని, తన మాటకు తనకే నవ్వొచ్చి, వెంటనే నవ్వు ఆగిపోయింది. ఇంకో సంగతి తట్టింది. "అంటే... ఈ ఏడాదంతా నేను అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెబుతుంటే..."

అమ్మ మళ్ళీ దగ్గబోయి, అది పనికిరాదని తెలిసి మానేసింది.

"చెప్పమ్మా!"

"సాయంత్రం కూర్చుని రెండువైపుల మాటలూ కలిపి చూసుకునేవాళ్ళం" అంది అమ్మ. "'ఇవాళ నేను నిన్ను ఏమని అడిగానట?' అని నేను. 'నా ఆరోగ్యం అడిగావట, ఎండలో తిరగొద్దన్నావట' అని ఈవిడ. ఒకరోజు నువ్వు ఈవిడ నాకు పచ్చడి పంపిస్తానందని చెప్పావు. పచ్చడి ఏదని అడిగాను. పాపం, ఈవిడ ఆ రాత్రి కూర్చుని పెట్టాల్సి వచ్చింది."

"నిమ్మకాయది" అన్నారు అత్తగారు. "ఎందుకు పెడుతున్నారని నువ్వే అడిగావు. గుర్తుందా?"

కమాన్లమ్మాయికి చెవులు వేడెక్కాయి. ఎన్ని మాటలు పుట్టించింది! ఎంత జాగ్రత్తగా, ఎవరికీ అనుమానం రాకుండా! ఆ రెండు ఇళ్ళ మధ్య తనొక్కతే వంతెన అనుకుంది. కింద ఏరు ఎప్పుడో ఎండిపోయి, ఇద్దరూ హాయిగా నడిచి దాటేస్తున్నారు. వంతెన మీద తనొక్కతే ఎండలో నిలబడి ఉంది.

లేచి వెళ్ళి బండి దగ్గర నిలబడింది. ఏ పనీ లేకపోయినా నట్టు మీద పానా పెట్టింది, తీసింది. కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని భయం వేసింది. వచ్చాయి కూడా, ఒక చుక్క.

"నన్ను చూసి నవ్వుకున్నారు" అంది, అటు తిరిగే.

వెనక నుంచి అడుగుల చప్పుడు. అత్తగారు వచ్చి బండికి ఆనుకున్నారు. ఆవిడ ఓదార్చే రకం కాదు. కోడలికి జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేయరు, గంజి గిన్నె పక్కన పెట్టి వెళ్ళిపోతారు. అలాంటి మనిషి కాసేపు తన గోళ్ళు చూసుకుని అన్నారు:

"నవ్వుకున్నాం. కాదనను. కానీ అసలు నేను ఆ కొట్టుకి ఎందుకెళ్ళానో అడగలేదు నువ్వు."

"చెప్పారుగా. నడుం నొప్పి."

"నడుం నొప్పైతే ఊళ్ళో ఇంకో ఇద్దరు పరుపులవాళ్ళున్నారు. ఆ ముందు రోజు రాత్రి నువ్వు అన్నం పెడుతూ ఒక మాట అన్నావు. 'మీ నడుం ఎలా ఉందని అమ్మ అడిగింది అత్తయ్యా. దూది మార్పిస్తే తగ్గుతుందంది, ఆవిడకు చెప్పు అంది' అని. ఇన్నేళ్ళ తర్వాత ఆవిడే ఒక మెట్టు దిగింది కదా, నేనూ ఒకటి దిగుదామనుకుని వెళ్ళాను. తీరా వెళ్ళాక తెలిసింది, మీ అమ్మకి నా నడుం సంగతే తెలీదు."

కమాన్లమ్మాయి ఇటు తిరిగింది.

"అది కూడా నేనే పుట్టించాను" అంది మెల్లగా.

"తెలుసు. మంచి పని చేశావు" అన్నారు అత్తగారు. ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారేమో. అన్నాక ఆవిడకే ఇబ్బందిగా అనిపించినట్టుంది. "ఆ ముక్కు తుడుచుకో. గ్రీజు అంటింది" అని చేతిలో ఉన్న గలేబు ఇచ్చారు.

కొత్త గలేబు. కమాన్లమ్మాయి దానితోనే తుడుచుకుంది. అత్తగారు కళ్ళు మూసుకుని ఓర్చుకున్నారు.

అప్పుడు నవ్వొచ్చింది ఆమెకు. మామూలు నవ్వు కాదు, పొట్ట పట్టుకుని బండి చక్రం పక్కన కూలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకుండానే అమ్మా కలిసింది. అత్తగారు మాత్రం, "చాల్లే, జనం చూస్తారు" అంటూనే గలేబు మీది గ్రీజు మరకను చూసి పెదవి బిగబట్టారు.

"సరే" అని కమాన్లమ్మాయి లేచింది. "ఎందుకు ముందే చెప్పలేదో తర్వాత అడుగుతాను. ఇద్దరూ వెళ్తున్నారు కదా? రెండు మంచాలు, ఇద్దరు మనుషులు, ఒక కాళ్ళ మిషను. ఇంకేం దాచారు? ఇప్పుడే చెప్పండి. ఇది మీ గుట్టు సంగతి కాదు, బ్రేకుల సంగతి."

ఒక ఇనప పెట్టె బయటపడింది, అత్తగారిది, నిండా కత్తెరలు, ఇస్త్రీపెట్టె, పాత కాలపు తూకం రాళ్ళు. తూకం రాళ్ళెందుకంటే గుడ్డ కత్తిరించేటప్పుడు జరగకుండా పెట్టడానికట. అమ్మ మంచం కింద నుంచి ఒక రోకలి, దానికి జోడీ రోలు.

"రోలు!" అంది కమాన్లమ్మాయి.

"అలవాటైన రోలే" అంది అమ్మ.

"రోలు దిగుతుంది. తూకం రాళ్ళు దిగుతాయి. గుడ్డ మీద మీ చెయ్యి పెట్టుకోండి అత్తయ్యా, చాలినంత బరువుంది."

కట్టెల అడితి మనుషులు మళ్ళీ వచ్చారు. మిషను ఎడమ నుంచి కుడికి మారింది, దూది కుడి నుంచి ఎడమకు వచ్చింది. యంత్రాన్ని ఒక జానెడు ముందుకి జరిపించి, నాలుగు వైపులా నేలకు బోల్టులు వేసి కట్టింది. పొయ్యి తలుపు పక్కకి. వియ్యపురాళ్ళిద్దరూ ఎవరి మంచం కిటికీ వైపు ఉండాలో వాదించుకున్నారు. ఆ వాదన కమాన్లమ్మాయి చెవికి ఎంతో ఇంపుగా ఉంది. ఆమె కల్పించుకోలేదు. ఒకరి మాటను ఇంకొకరికి మెత్తబరచి చెప్పే పని ఇక లేదు. చేతులు కొంచెం ఖాళీగా, భుజాలు కొంచెం తేలికగా అనిపించాయి.

ఇద్దరినీ ఎవరి మంచం మీద వాళ్ళను కూర్చోబెట్టి మళ్ళీ కొలిచింది. కుడీ ఎడమా సమానం. కమాన్లు ఎంత వంగాలో అంతే వంగాయి, పైన రబ్బరు దిమ్మెకూ ఇరుసుకూ మధ్య కావలసినంత ఖాళీ. బండి కింద దూరి పిన్నుల బోల్టులు బిగించింది. బ్రేకు గొట్టం సాగకుండా వదులుగా ఉందని చేత్తో తడిమి చూసుకుంది. వెనక భాగం లేచినందుకు ముందు దీపాల చూపు కిందికి పడుతుంటే దాన్నీ సరిచేసింది.

"ఇప్పుడు నడిపి చూద్దాం. ముందు సీట్లోకి రండి, ఇద్దరూ."

కమాన్లమ్మాయి నడిపింది. పక్కన అమ్మ, కిటికీ దగ్గర అత్తగారు. సాయంత్రపు ఎండ మెత్తబడింది. ఇళ్ళ వరస దాటి, మిట్టల దారిలోకి తిప్పి, కావాలనే ఒక గుంతలోకి దించింది. బండి వంగింది, లేచింది, ఒక్క ఊపు, అంతే. దిగుడులో బ్రేకు తొక్కితే చెప్పినచోట ఆగింది. మలుపులో గది అటూ ఇటూ తూగలేదు.

"హంసలా పోతోంది" అంది అమ్మ.

"హంసలో ఎప్పుడెక్కావు వదినా నువ్వు?" అన్నారు అత్తగారు.

కమాన్లమ్మాయి ఒక చెయ్యి స్టీరింగు మీద నుంచి తీసి ప్యాంటుకి తుడుచుకుంది, తర్వాత రెండోది. ఇంకాస్త దూరం పోవాల్సిన పని లేదు. అయినా పోయింది. ముగ్గురూ భుజాలు రాసుకుంటూ ఒకే సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి. ఎవరికీ త్వరగా తిరిగి రావాలని లేదు.

"కొంత దూరం నడిచాక యు బోల్టులు మళ్ళీ ఒకసారి బిగించాలి. మరిచిపోకండి. ఎక్కడైనా మంచి మెకానిక్కుకి చూపించండి" అంది తిరుగుదారిలో.

ఆ మాటకు ఇద్దరూ ఏమీ అనలేదు. అంత వాగుడులో ఆ ఒక్క మాటకే మౌనం ఎందుకొచ్చిందా అని ఆమె అనుకునేలోపే షెడ్డు వచ్చేసింది.

గేటు దగ్గర ఆమె భర్త నిలబడి ఉన్నాడు. బేకరీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి. కాళ్ళ దగ్గర ఒక సూట్‌కేసు, దాని మీద మడతపెట్టిన దుప్పటి.

కమాన్లమ్మాయి బండి ఆపి దిగింది.

"మీకు కూడా ముందే తెలుసన్నమాట!" అంది, కోపం తెచ్చుకోబోతూ. "మీ అమ్మగారి బట్టలా? మంచిపని చేశారు. లోపల చోటుంది, పెట్టండి."

అతను సూట్‌కేసు పట్టుకోలేదు. మెడ గోక్కున్నాడు, మెడకీ పిండి అంటింది.

"అమ్మవి కాదు" అన్నాడు. "నీవి."

"నావా? నా బట్టలెందుకు?"

అతను ఆమె భుజం మీదుగా బండి వైపు చూశాడు. ముందు సీట్లో అమ్మ వెనక దారి చూపించే అద్దాన్ని సరిచేయడానికి నానా తంటాలూ పడుతోంది. అత్తగారు ఏమీ లేని రోడ్డు వైపు చాలా శ్రద్ధగా చూస్తున్నారు.

"అంటే ఇంకా అసలు సంగతి చెప్పలేదన్నమాట" అన్నాడతను. "అమ్మా, అత్తయ్యా! మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"